రేవులో పోయిన నిద్ర



చీకటి పడ్డాక విశాఖ బీచ్ రోడ్డు మీద రుషికొండ వైపు వెళ్లేవాళ్లకి సముద్రం మీద దూరంగా దీపాలు కనిపిస్తాయి. రేవులో బెర్తు ఖాళీ అయ్యేదాకా లంగరు వేసుకుని ఎదురుచూసే ఓడలవి. కొన్నింట్లో బొగ్గు, కొన్నింట్లో ముడిచమురు, కొన్నింట్లో ఎరువులు ఉంటాయి. ఓడ కదలడం లేదు కదా అని అందులో అందరూ పడుకోరు, పడుకోకూడదు. పైన, ఓడని నడిపే చోటైన బ్రిడ్జి మీద, ఒక ఆఫీసరు మేలుకుని ఉండాలి. లంగరు పట్టు వదులుతోందా, గాలి మళ్లిందా, పక్క ఓడ దగ్గరకి జరుగుతోందా అని చూసుకుంటూ ఉండాలి. దాన్నే వాచ్ అంటారు. నిలబడ్డ ఓడకే ఇంత కాపలా ఉంటే, రాత్రంతా నడిచే ఓడ సంగతి చెప్పనక్కర్లేదు.

ఓడ ఒడ్డుకొస్తే ఎలా ఉంటుందో విశాఖవాసులు కళ్లారా చూశారు. 2020 అక్టోబరులో తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. ఆ ఉధృతికి లంగరు నిలవక బంగ్లాదేశ్ సరుకు ఓడ ఎం.వి. మా తెన్నేటి పార్కు కింద రాళ్లలోకి కొట్టుకొచ్చింది. 13వ తేదీ తెల్లారేసరికి ఆ వార్త ఊరంతా పాకింది. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని మరీ జనం చూడ్డానికి వెళ్లారు. లోపలి సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. దాన్ని హోటల్‌గా మారుస్తామన్న మాటలు కొన్నేళ్లు నడిచాయి. సరిగ్గా ఆ నెలలోనే, అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న రుషికొండ తీరానికి శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఏటా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే తీరం కూడా ఇదే. ఓడ ట్యాంకుల్లోని నూనె కారితే ఏమవుతుందోనన్న ఆదుర్దా అందుకే.

ఎం.వి. మా విషయంలో తప్పు గాలిది, అలది. ఈ పూట ప్రసంగం మాత్రం గాలీ అలా లేని ప్రమాదాల గురించి. సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. ఇంజను బాగుంటుంది, చుక్కాని బాగుంటుంది, రాడార్ పనిచేస్తూ ఉంటుంది. ఓడ మాత్రం తిన్నగా వెళ్లి ఒడ్డెక్కుతుంది. ఎందుకంటే నడిపే మనిషి నిద్రపోయాడు.

ఎప్పుడో జరిగిన పాత కథ అనుకోవద్దు. 2025 మే 22 తెల్లారుజామున అయిదు గంటల వేళ నార్వేలో ట్రాండ్‌హైమ్ దగ్గర ఎన్‌సీఎల్ సాల్టెన్ అనే కంటైనర్ ఓడ ఒక ఇంటి పెరట్లోకి వచ్చి ఆగింది. ఓడ పొడవు 135 మీటర్లు. గోడకీ ఓడ ముక్కుకీ మధ్య మిగిలింది కొద్ది మీటర్లే. అన్నిటికంటే ఆశ్చర్యం, ఆ ఇంట్లో మనిషికి మెలకువ రాలేదు. పక్కింటాయన వచ్చి తలుపు గంట కొట్టి లేపితే కిటికీలోంచి చూసి నివ్వెరపోయాడు. ఓడలో ఉన్న 16 మందికీ ఏమీ కాలేదు. బ్రిడ్జి మీద ఒంటరిగా వాచ్‌లో ఉన్న సెకండ్ ఆఫీసరు తాను నిద్రపోయానని పోలీసులకు చెప్పాడు. ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి, జనం వింతగా చెప్పుకున్నారు. కానీ ఆ ఓడ ఇంకో పది మీటర్లు ముందుకి వచ్చి ఉంటే ఎవరికీ నవ్వు వచ్చేది కాదు.

ఇలాంటి కబురు వినగానే ఎవరైనా ముందు అనే మాట, జీతం తీసుకుంటూ డ్యూటీలో పడుకున్నాడేమిటి అని. న్యాయమైన కోపమే. అయితే దర్యాప్తు నివేదికలు ఆ మనిషి దగ్గర ఆగవు. అతను అంతకుముందు రెండు రోజులు ఎక్కడ ఉన్నాడు, ఏం పని చేశాడు, ఎప్పుడు పడుకున్నాడు, ఎంతసేపు పడుకున్నాడు అని గంటలు లెక్కపెడుతూ వెనక్కి వెళతాయి. అలా వెళ్లిన ప్రతిసారీ దాదాపు ఒక రేవు దగ్గరే తేలతాయి. విశాఖ కూడా రేవే కాబట్టి ఆ లెక్క మన ఊరికీ అవసరం.

షెన్ నెంగ్ 1 అనే చైనా బొగ్గు ఓడ కథ విశాఖ ఉక్కు నగరానికి మరీ దగ్గరది. ఉక్కు తయారీకి కావలసిన కోకింగ్ బొగ్గు మనకు చాలావరకు విదేశాల నుంచే రావాలి. అందులో పెద్ద భాగం ఆస్ట్రేలియా బొగ్గు. గంగవరంలోనో విశాఖ రేవులోనో దిగుతుంది. ఆస్ట్రేలియాలో ఆ బొగ్గుకి పేరుపడ్డ రాష్ట్రం క్వీన్స్‌లాండ్. అక్కడి గ్లాడ్‌స్టోన్ రేవు నుంచి 2010 ఏప్రిల్ 3న, ఉదయం పదకొండు గంటల వేళ, సుమారు 68 వేల టన్నుల బొగ్గుతో షెన్ నెంగ్ 1 బయల్దేరింది. గమ్యం చైనా. సాయంత్రం నాలుగు గంటలకి, కెప్టెన్ తర్వాతి ఆఫీసరైన చీఫ్ మేట్ వాచ్‌కి వచ్చాడు. మంచి వెలుతురు, మామూలు సముద్రం. ఒక చోట ఓడని మళ్లించాలి. మళ్లించలేదు. అయిదు దాటి అయిదు నిమిషాలకి ఓడ గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లోని డగ్లస్ షోల్ అనే పగడపు దిబ్బ మీదకి ఎక్కింది.

అర్ధరాత్రి కాదు, పట్టపగలు. అతను నిద్రపోతూ కూడా లేడు. మేలుకునే ఉన్నాడు. మరి ఏమైంది? ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ తేల్చింది ఇది: ఓడ ఎక్కడుందో మ్యాపు మీద గుర్తించాల్సిన సమయంలో అతను గుర్తించలేదు. ఆ రోజు దారి కొద్దిగా మార్చి మ్యాపు మీద గీశారు గానీ, మార్పుని జీపీఎస్‌లో ఎక్కించలేదు. మలుపు వచ్చిందని హెచ్చరించాల్సిన యంత్రం కూడా అందుకే నోరెత్తలేదు. యంత్రం మిన్నకున్నప్పుడు మనిషికి తట్టాలి. తట్టే స్థితిలో అతను లేడు. ప్రమాదానికి ముందు 38న్నర గంటల్లో అతను నిద్రపోయింది రెండున్నర గంటలు.

ఆ మిగతా 36 గంటలూ ఏం చేశాడు అన్నదే అసలు సంగతి. ఓడ రేవులో ఉంది, బొగ్గు ఎక్కుతోంది. బొగ్గు ఎక్కించడమంటే బెల్టు తిప్పి వదిలేయడం కాదు. ఏ గదిలో ముందు పోయాలి, ఎంత పోశాక ఆపి రెండో గదికి వెళ్లాలి అన్నది వరస తప్పితే ఓడ వెన్ను మీద ఒత్తిడి పెరుగుతుంది. బరువు ఎక్కుతున్న కొద్దీ అడుగున ఉన్న బ్యాలస్ట్ నీటిని బయటికి తోడుతూ ఉండాలి. ఓడ నీటిలో ఎంత లోతు దిగిందో ముందూ వెనకా నడుమా, రెండు పక్కలా గీతలు చూసి చెప్పాలి. చివరి కొన్ని వందల టన్నులు ఎక్కడ పోస్తే ఓడ సమంగా నిలుస్తుందో లెక్క కట్టాలి. కాయితాల మీద సంతకాలు పెట్టాలి. సర్వేయరు వస్తాడు, ఏజెంటు వస్తాడు, తనిఖీ వాళ్లు వస్తారు. ఇన్నిటికీ పూచీ ఉన్న మనిషి చీఫ్ మేట్. రేవు మాత్రం ఆగదు. కన్వేయరు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే బెర్తు మీద ప్రతి గంటకీ డబ్బు, వెనకాల మరో ఓడ వరసలో ఉంది. ఓడని రేవు దాటించే పైలట్ ఎక్కుతాడు, చివరి తాడు విప్పగానే ఓడ కదులుతుంది. పైలట్ దిగాక కొద్ది గంటల్లో అదే చీఫ్ మేట్‌కి వాచ్ వేళ అవుతుంది.

అతనికి నిద్ర లేదని ఓడలో ఎవరికైనా తెలియదా? తెలిసే ఉండాలి. తెలిసినా అతని వాచ్ ఇంకొకరు చేసే ఏర్పాటు లేదు. అలసటని గమనించి పని సర్దే పద్ధతి ఆ ఓడలో అమలు కావడం లేదనే నివేదిక రాసింది. ఆ పగడపు దిబ్బ మీద దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున గాయం పడింది. ఓడ అడుగున ఉండే విషపు రంగు పొడి అయి పగడాల మధ్య చేరింది. ఓడని తొమ్మిది రోజులకి తేల్చారు. నష్టపరిహారం తేలడానికి మాత్రం ఆరేళ్లు పట్టింది. 2016లో యజమానులు మూడు కోట్ల 93 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నారు. ఒక మనిషికి వాచ్‌కి ముందు ఆరు గంటల నిద్ర ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది? ఓడని అరపూట ఆపినా అందులో వందో వంతు కూడా కాదు.

మనిషి ఒంటికి ఒక లెక్క ఉంది. 17 గంటలు వరసగా మేలుకున్న మనిషి చేతి చురుకు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. మనదేశంలో మద్యం తాగి బండి నడిపితే కేసు పెట్టే హద్దు 0.03 శాతం. అంటే రాత్రంతా సరుకు ఎక్కించి వచ్చి బ్రిడ్జి ఎక్కిన ఆఫీసరుని, మన రోడ్డు మీద పోలీసులైతే స్టీరింగు ముట్టుకోనివ్వకూడదు. దీనికి తోడు తెల్లారగట్ల రెండు నుంచి ఆరు మధ్య ఒంట్లో వేడి తగ్గుతుంది, రెప్పలు వాటంతటవే వాలతాయి. పన్నెండు నుంచి నాలుగు దాకా ఒక వాచ్, నాలుగు నుంచి ఎనిమిది దాకా ఇంకో వాచ్. ఓడ రోజులో ఈ రెండూ సరిగ్గా ఆ గండం మీదే పడతాయి.

మరి చట్టం లేదా అంటే ఉంది. ఎస్‌టీసీడబ్ల్యూ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం నావికుడికి ఏ 24 గంటల్లోనైనా పది గంటల విశ్రాంతి ఉండాలి. దాన్ని రెండు ముక్కలకు మించి చేయకూడదు, ఒక ముక్క కనీసం ఆరు గంటలు ఉండాలి. వారానికి 77 గంటలు తగ్గకూడదు. వినడానికి బాగానే ఉంది. తిరగేసి చూడండి. వారానికి 168 గంటలు. అందులోంచి 77 తీసేస్తే 91. వారానికి 91 గంటలు పని చేయించినా ఈ నియమం ప్రకారం తప్పు కాదు! ఒడ్డు మీద ఏ ఫ్యాక్టరీలో ఇంత పని ఒప్పుకుంటారు?

ఆ 91 కూడా చాలక కాయితాలు దిద్దే అలవాటు ఉంది. ప్రతి ఓడలోనూ విశ్రాంతి గంటల పట్టిక ఉంటుంది. తనిఖీకి వచ్చినవాళ్లు అడిగేది దాన్నే. స్వీడన్‌లోని ప్రపంచ నావికా విశ్వవిద్యాలయం 2020లో ఈ పట్టికల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. నావికులు పని గంటలు తగ్గించి రాయడం అక్కడక్కడా జరిగే తప్పు కాదు, పాతుకుపోయిన అలవాటని ఆ అధ్యయనం చెప్పింది. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఓడని నిలిపేస్తారు. నిలిపేస్తే కంపెనీకి కోపం. కోపం వస్తే మరుసటి కాంట్రాక్టు రాదు. విశాఖ, శ్రీకాకుళం జిల్లాల నుంచి అప్పుచేసి కోర్సు చదివి ఓడెక్కిన కుర్రాడు ఆ పెన్సిలు ఎటు తిప్పుతాడో ఊహించడం కష్టం కాదు. తన నిద్ర పోయిందన్న సాక్ష్యాన్ని తన చేత్తోనే చెరిపేసుకుంటాడు. రేపు ఏదైనా జరిగితే ఆ పట్టికే అతనికి ఎదురు తిరుగుతుంది: నీకు విశ్రాంతి ఇచ్చాం కదా, నువ్వే సంతకం పెట్టావు కదా అని.

చిన్న ఓడల్లో మరీ ఘోరం. తీరం వెంబడి తిరిగే సరుకు ఓడల్లో చాలావాటికి కెప్టెన్‌తో కలిపి వాచ్ చేసేవాళ్లు ఇద్దరే. ఆరు గంటలు నువ్వు, ఆరు గంటలు నేను. ఆ ఆరు గంటల ఖాళీలోనే తినాలి, స్నానం చేయాలి, కాయితాలు రాయాలి, రేవు వస్తే తాళ్లు చూడాలి. అన్నీ అయ్యాక మిగిలేది నిద్ర. బ్రిటన్ ప్రమాద దర్యాప్తు శాఖ 1994 నుంచి 2003 దాకా జరిగిన ప్రమాదాలు తిరగేసి 2004లో ఒక నివేదిక ఇచ్చింది. నేలతట్టిన ఓడల్లో మూడో వంతు ప్రమాదాలకి ఒకే తీరు: రాత్రి వేళ, అలసిపోయిన ఆఫీసరు, బ్రిడ్జి మీద ఒక్కడే. చీకట్లో ఆఫీసరుకి తోడుగా లుకౌట్ మనిషి ఉండి తీరాలన్నది నియమం. కానీ ఆ మనిషిని పగలు డెక్కు మీద తుప్పు గీకడానికి వాడుకోవాలి కదా, అందుకని రాత్రి పడుకోమంటారు.

పలకరించే తోడు లేకపోతే కునుకు ఎలా పడుతుందో 1997 మార్చి 26న సిటా అనే కంటైనర్ ఓడ చూపించింది. సౌతాంప్టన్ నుంచి బెల్ఫాస్ట్ వెళుతూ ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న సిల్లీ దీవుల రాళ్లని రాత్రి పూట గుద్దింది. మేట్ నిద్రలో ఉన్నాడు. నిద్రపోతే లేపడానికి ఓడలో అలారం ఉంది. దాన్ని ఎవరో కట్టేసి ఉంచారు. కంటైనర్లు పగిలి కార్ల టైర్లు, బూట్లు, బట్టలు ఒడ్డుకి కొట్టుకొస్తే దీవుల జనం రోజుల తరబడి ఏరుకున్నారు. ఓడ మాత్రం మునిగిపోయింది.

ఆ తర్వాత కొన్నేళ్లకి ఆ అలారాన్ని ప్రపంచమంతటా తప్పనిసరి చేశారు. 2011 జులై నుంచి కట్టిన కొత్త ఓడలకి, తర్వాత దశలవారీగా పాతవాటికి. అది పనిచేసే తీరు తేలికే. మూడు నుంచి పన్నెండు నిమిషాల మధ్య ఏదో ఒక వ్యవధి పెడతారు. ఆ లోపల ఆఫీసరు ఒక బటన్ నొక్కాలి. నొక్కకపోతే ముందు బ్రిడ్జిలో దీపం వెలుగుతుంది. పదిహేను సెకన్లకి గంట మోగుతుంది. ఇంకో పదిహేను సెకన్లకి కెప్టెన్ గదిలోనో మరో ఆఫీసరు గదిలోనో మోగుతుంది. అప్పటికీ ఎవరూ పైకి రాకపోతే మిగతా సిబ్బంది ఉన్నచోట మోగుతుంది. మంచి పరికరమే, ఎన్నో ఓడల్ని కాపాడే ఉంటుంది. అయితే కెప్టెన్‌కి కూడా నిద్ర కావాలి. మాటిమాటికీ మోగే గంటని చిరాకుపడి ఆపేసిన ఓడలు అలారం తప్పనిసరైన తర్వాత కూడా నివేదికల్లో కనబడ్డాయి. అదీగాక, షెన్ నెంగ్ 1 మేట్ లాంటివాడికి ఈ గంట ఏం చేస్తుంది? అతను మేలుకునే ఉన్నాడు. బటన్ నొక్కగలడు, మలుపు గుర్తుపెట్టుకోలేడు.

అలాస్కాలో 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ ట్యాంకరు బ్లై రీఫ్‌ని ఢీకొట్టి కోటీ పది లక్షల గ్యాలన్ల ముడిచమురు సముద్రం పాలు చేసిన సంగతి చాలామంది వినే ఉంటారు. కెప్టెన్ తాగి ఉన్నాడని చెప్పుకుంటారు, ఆ మాటే జనంలో నిలిచింది. అమెరికా దర్యాప్తు బోర్డు ప్రమాద కారణాల్లో మొదట రాసింది వేరు: బ్రిడ్జి మీదున్న థర్డ్ మేట్ అలసట వల్ల, మితిమీరిన పని భారం వల్ల ఓడని సరిగా తిప్పలేకపోయాడని. ఆ ఓడ కూడా చమురు ఎక్కించుకుని అప్పుడే రేవు దాటింది. బయల్దేరిన మూడు గంటల్లోనే ప్రమాదం. సీసా కథ అందరికీ గుర్తుంది, నిద్ర కథ నివేదికలోనే ఉండిపోయింది.

ఇంతవరకూ పెద్ద ఓడలు. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకెళ్లే మరబోట్ల మాట ఎత్తకుండా ఈ ప్రసంగం పూర్తవదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. అది ఎత్తేయగానే వందల బోట్లు ఒక్కసారి బయల్దేరతాయి. రెండు నెలల రాబడి లేని రోజుల తర్వాత సరంగు మీద, కళాసీల మీద ఎంత ఒత్తిడి ఉంటుందో వాళ్ల ఇళ్లలో వాళ్లకే తెలుసు. వల వేయడం, లాగడం, చేపలు ఏరడం, ఐసులో సర్దడం, మళ్లీ వల. రాత్రి ఏ రెండింటికో పని తెరిపిస్తే అందరూ ఒక్కసారి వాలిపోతారు. బోటు నీళ్ల మీద అలా తేలుతూ ఉంటుంది. ఆ పక్కనే ఓడల దారి.

2017 జూన్ 11న కొచ్చి తీరానికి దూరంగా కార్మెల్ మాత అనే బోటుకి జరిగింది ఇదే. తెల్లారగట్ల రెండున్నర ప్రాంతంలో, లోపల మత్స్యకారులు నిద్రలో ఉండగా, యాంబర్ ఎల్ అనే పనామా జెండా ఓడ వచ్చి గుద్దింది. మనుషులు పోయారు. ఓడని తర్వాత పట్టుకున్నారు, కేసు పెట్టారు. చూసుకోవాల్సిన మొదటి బాధ్యత పెద్ద ఓడదే, అందులో అనుమానం లేదు. అయితే ఎత్తైన బ్రిడ్జి మీద నుంచి చూస్తే అలల మధ్య మసక దీపంతో ఉన్న చెక్క బోటు ఆనడం కష్టం. పైన ఉన్న ఆఫీసరుకీ రేవులో నిద్ర లేక, కింద కళాసీలకీ వేటలో నిద్ర లేక, సముద్రం మీద రెండు వైపులా చూసేవాడే లేకపోతే ఎవరు ఎవరిని తప్పించాలి? ఓడలు ఢీకొనకుండా ఉండడానికి 1972లో చేసిన అంతర్జాతీయ నియమాల్లో అయిదోది, ప్రతి నౌకా అన్ని వేళలా కళ్లతో, చెవులతో కాపలా కాయాలని చెబుతుంది. వేట బోటుకి మినహాయింపు ఇవ్వలేదు.

చేయగలిగినవి లేకపోలేదు, అవి పెద్ద శాస్త్రాలు కూడా కావు. సరుకు ఎక్కించి దించే ఓడలకి, చీఫ్ మేట్ మొదటి వాచ్ చేయనక్కర్లేకుండా ఇంకొక ఆఫీసరు ఉండి తీరాలని ఓడకి జెండా ఇచ్చే దేశం రాయాలి. కనీస సిబ్బంది సంఖ్య నిర్ణయించే పత్రం ఇచ్చేది ఆ దేశమే. కనీసమన్న మాటని కంపెనీలు అంతే చాలన్నట్టు వాడుకుంటున్నాయి. రేవులో తనిఖీకి వెళ్లే అధికారి విశ్రాంతి పట్టికని ఒంటరిగా చూడకుండా, సరుకు ఎక్కించిన వేళల రిజిస్టరు పక్కన పెట్టి చూస్తే చాలు, రాత్రి రెండింటికి, లోతు గీతలు చూసి రాసే డ్రాఫ్ట్ కాయితం మీద సంతకం పెట్టిన మనిషి అదే వేళకి నిద్రపోతున్నట్టు పట్టికలో ఉంటే అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఓడ బయల్దేరే ముందు, ఇవాళ్టి మొదటి వాచ్ ఎవరిది, అతను ఎప్పుడు పడుకున్నాడు అని రేవు వాళ్లు కెప్టెన్‌ని అడిగితే నిమిషం పట్టదు.

బోట్ల సంగతికొస్తే, మత్స్యకారుల బోట్లకి ఉపగ్రహంతో మాట్లాడే ట్రాన్స్‌పాండర్లు ప్రభుత్వం అమరుస్తోంది. తుపాను కబురు అందడానికి, ఆపదలో సాయం అడగడానికి అవి పనికొస్తాయి, పెట్టించుకోవాలి. బోటు ఓనర్లు ఇంకొక పని కూడా చేయాలి. వేటకి పంపేటప్పుడు డీజిలు, ఐసు, బియ్యం లెక్క చూసినట్టే, రాత్రి కాపలా వంతులు కూడా సరంగుతో కూర్చుని ముందే రాసుకోవాలి. రెండేసి గంటల చొప్పున ఒక్కో కళాసీ. ఆ రెండు గంటలూ మేలుకున్నవాడికి మర్నాడు పొద్దున్న వల లాగే పని నుంచి మినహాయింపు ఇవ్వాలి, వాటాలో మాత్రం కోత పెట్టకూడదు. జూన్ 14 అర్ధరాత్రికి బోట్లు కదిలేలోపు ఈ వంతులు తేల్చుకోవడానికి నిషేధకాలంలో కావలసినంత తీరిక ఉంది.